కొండ కదలని మధ్యాహ్నం

ఆ ఆటను ఇద్దరు ఆడాలి. ఒకరు కొండ, ఒకరు మేక. గిలక మాత్రం రెండేళ్ళుగా రెండూ తానే ఆడుతోంది. ఎడమచేత్తో కొండ, కుడిచేత్తో మేక.

గిలక ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు పొద్దున లేచింది మొదలు నోరు మూయకుండా మోగుతుండేదని ఇంట్లోవాళ్ళు గిలక్కాయ అన్నారు. పెరిగేకొద్దీ కాయ రాలిపోయి గిలక మిగిలింది. పెళ్ళయ్యాక భర్త కూడా అలాగే పిలిచాడు. ఇప్పుడు ఆమెకు నలభై దాటాయి. పార్కింగ్ యంత్రాలకు ప్రోగ్రాములు రాసే ఆఫీసులో పని చేస్తుంది. పక్క కుర్చీల వాళ్ళనడిగితే, ఆవిడా, నోట్లో నాలుక లేని మనిషండీ పాపం, అంటారు.

ఆట ఆలోచన మొదట భర్తది. అతను బొమ్మలు గీసేవాడు, ఈమె వాటిని కదిలించేది. ఇంట్లో ముందు గదిని పనిగదిగా చేసుకుని, రెండు బల్లలు ఎదురెదురుగా వేసుకున్నారు. ఒకరి తెర ఒకరికి కనపడకూడదు, ఎందుకంటే ఆ ఆటకు ప్రాణమే అది. ఆటలో కొండ నడుస్తుంది. దాని ఒంటి మీద ఒక మేక బతుకుతుంది. కొండకు దూరం తప్ప దగ్గర కనపడదు. మేకకు దగ్గర తప్ప దూరం కనపడదు. కొండ ఆడేవాళ్ళ తెర మీద ఆకాశం, మబ్బులు, నేల అంచు, అంతే. తన మీద మేక ఎక్కడ తిరుగుతోందో చేతిలోని కంట్రోలర్ అదురును బట్టి పోల్చుకోవాలి. మేక ఆడేవాళ్ళ తెర మీద రాళ్ళు, పొదలు, మూతి ముందున్న గడ్డి. గడ్డి అయిపోతే మేక గిట్టతో నేలను కొడుతుంది. ఆ కబురు అందుకుని కొండ, వాన ఎటు కురుస్తోందో చూసుకుని అటు అడుగు వేయాలి. కొండ అడుగంటే మాటలా? మీట నొక్కిపట్టి కూర్చుంటే, ఇక పడదేమో అనుకునేంతసేపటికి ఒక్కటి పడుతుంది. పడేటప్పుడు మేక అంచున నిలబడి ఉందో, రాయి కూలి లోయలోకి పోయిందే. ఆడుతున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకోకూడదు.

నియమం పెట్టింది భర్తే. పాటించడం గిలకకు ప్రాణసంకటమయ్యేది. పెదవులు బిగబట్టుకుని తెర మీదుగా చూస్తే అతని నుదురు, కళ్ళజోడు పైభాగం కనిపించేవి. ఆ నుదురు ముడుచుకుందంటే కొండ అడుగు వేయబోతోందని మేక పరుగెత్తేది. ఇది దొంగాట అని తెలిసి అతను టోపీ పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

అన్నీ అయ్యాయి, ముగింపు తప్ప. కొండ నడిచి నడిచి ఎక్కడికి పోవాలి? ఆ మాట ఎప్పుడెత్తినా, దారిలో ఉన్నాంగా, చివర సంగతి చివర్లో చూద్దాం అనేవాడు. ఆ చివర రాకముందే, మబ్బు పట్టిన ఒక పగటిపూట, తన బల్ల ముందు కుర్చీలోనే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

అంత్యక్రియల రోజున అతని అక్క వచ్చింది. గిలకకు వదిన. వేరే ఊళ్ళో చిన్న కార్ఖానా పెట్టుకుని, పళ్ళ డాక్టర్లు పంపే కొలతలకు కట్టుడు పళ్ళు చేసి ఇస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి తానే పెంచింది. ఆ రోజు అందరూ ఉండగా గిలక ముందు నిలబడి, "వాణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టి కూర్చోబెట్టి చంపేశావమ్మా. ఎండ మొహం చూడనిచ్చావా?" అంది. గొంతు పెంచి కూడా అనలేదు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా పలకరింపు లేదు, ఫోను లేదు.

ఆట పూర్తి చేయాలన్న పట్టుదల గిలకను వదల్లేదు. ఆఫీసు నుంచి వచ్చి, వండుకున్నదేదో తిని, పనిగదిలోకి పోయేది. రెండు పాత్రలూ తానే ఆడాలి కాబట్టి భర్త తెరను తన బల్ల మీదికి తెచ్చి పక్కన పెట్టుకుంది. కానీ కుడిచేత్తో చేసిన దానం ఎడమచేతికి తెలియకుండా ఉండొచ్చేమో గానీ, కుడిచేత్తో ఆడిన ఆట ఎడమచేతికి తెలియకుండా ఉంటుందా? గడ్డి ఎక్కడ అయిందో కొండకు ముందే తెలుసు. అడుగు ఎప్పుడు పడుతుందో మేకకు ముందే తెలుసు. కొసరి కొసరి తనకు తానే వడ్డించుకున్నట్టు ఉండేది. ఎదుటి బల్ల మీద తెర పోయిన చోట నలుచదరపు మరక మాత్రం ఉంది. దాని వెనక ఖాళీ కుర్చీ. ఎవరొచ్చినా ఆ కుర్చీలో కూర్చోనిచ్చేది కాదు. వచ్చేవాళ్ళు మాత్రం ఎవరున్నారు గనక.

ఆటలు అమ్మిపెట్టే సంస్థలో ఒక మేనేజరమ్మ దీని నమూనా చూసి ముచ్చటపడింది. బొమ్మలు అద్భుతం అంది. అయితే ఈ రోజుల్లో ఒక్కళ్ళే కూర్చుని ఆడుకునేవాళ్ళే ఎక్కువ కాబట్టి, కొండను కంప్యూటర్‌కు అప్పగించి, మనిషికి మేకను ఇవ్వమంది. ముగింపు కూడా ఏదో ఒకటి కావాలంది. ఊరికే నడుస్తూ పోతే జనం ఊరుకోరు అంది. నిజమే కదా అనుకుంది గిలక. ఒంటరివాళ్ళ సంగతి తనకొకరు చెప్పాలా?

కంప్యూటర్ కొండను రాయడానికి ఆమెకు ఎక్కువకాలం పట్టలేదు. అది బ్రహ్మాండంగా నడిచింది. మేక గిట్ట ఎత్తకముందే వాన దిక్కుకు తిరిగేది. అడుగు వేస్తే పాలగిన్నె దించినట్టు దించేది. ఒక్క రాయి కూలేది కాదు. మేక తిన్నది, పడుకున్నది, లేచి మళ్ళీ తిన్నది. గిలకకు ఆవలింత వచ్చింది. తప్పు ఎక్కడుందో అంతుపట్టలేదు. తప్పు లేకపోవడమే తప్పేమోనని అప్పటికి తోచలేదు.

అలాంటి రోజుల్లో వదిన ఫోన్ చేసింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయట. ముందుపన్నుకీ కోరపన్నుకీ తేడా వేలితో తడిమి చెప్పాల్సి వస్తోందట. గిలక ఉండే ఊళ్ళో మంచి కంటి డాక్టరున్నాడట. ఒక కంటికి చేశాక కొన్నాళ్ళాగి రెండోదానికి చేస్తాడట. ఆ లోపల చుక్కల మందు వేయడానికి పక్కన మనిషి ఉండాలి. "నీ దగ్గర ఉండొచ్చా అని అడగడం లేదు. ఉండాలి. నాకింకెవరున్నారు?" అంది. గిలక, రండి అంది. రెండేళ్ళ తర్వాత ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ అంతే.

వదిన ఒక సంచీ పట్టుకుని, నల్లకళ్ళజోడు పెట్టుకుని దిగింది. చూపు ఆనకపోయినా నడకలో తగ్గలేదు. ఇంట్లో ఖాళీ ఉన్నది పనిగది ఒక్కటే. గిలక అక్కడే గోడవారగా మడతమంచం వేసింది. తమ్ముడు పోయిన గదిలో పడుకోవడానికి ఏమంటుందోనని బెరుగ్గా చూసింది గానీ, ఆవిడ సంచీ మంచం కిందికి తోసి నడుం వాల్చింది. మర్నాడు పొద్దున టీ తీసుకుని వెళ్ళేసరికి వదిన ఆ కుర్చీలో కూర్చుని ఉంది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి, బొటనవేళ్ళతో చివరలు నిమురుతోంది. లేవండి అనడానికి గిలకకు నోరు రాలేదు. టీ అందించి బయటికి వచ్చేసింది.

మొదటి కంటికి ఆపరేషన్ సాఫీగా అయింది. గిలక ఆఫీసుకు సెలవు పెట్టింది. వేళకు చుక్కలు వేయడం, భోజనం పెట్టడం, మళ్ళీ చుక్కలు వేయడం. కనురెప్ప ఎత్తిపట్టుకుని మందు వేసేటప్పుడు ఇద్దరి మొహాలూ జానెడు దూరంలోకి వచ్చేవి. అంత దగ్గరగా ఉండి మాట్లాడుకోకపోవడం ఎంత కష్టమో! వదిన పైకప్పు వైపు చూసేది. గిలక సీసా వైపు చూసేది. ఉప్పుందా, సరిపోయింది. చలేస్తోందా, లేదు. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పటి నిశ్శబ్దం కన్నా ఇద్దరున్నప్పటి నిశ్శబ్దం బరువుగా ఉంది.

వంగకూడదు, బరువులెత్తకూడదు, దుమ్ములోకి పోకూడదు అన్నాడు డాక్టరు. చేతులు కట్టేసినట్టయింది వదినకు. జీవితమంతా మైనం, సుద్దముద్ద పిసికిన వేళ్ళు అవి, ఊరుకోమంటే ఊరుకుంటాయా? భోజనాల బల్ల దగ్గర కూర్చుని బ్రెడ్డు మధ్యభాగం గిల్లి, ఉండచేసి, గోటితో నొక్కి, పన్ను చేసి పళ్ళెం అంచున నిలబెట్టేది. గిలక గిన్నెలు తీయడానికి వెళితే పై వరస మొత్తం తనను చూసి ఇకిలిస్తూ ఉండేది. ఒకసారి నవ్వొచ్చింది గానీ లోపలికే మింగేసింది.

ఒక రోజు భోజనమయ్యాక వదిన ఉన్నట్టుండి అడిగింది. "వాడు చేసిన ఆటేదో ఉందటగా. ఎలా ఉంటుంది?"

గిలక కాస్త తటపటాయించి చెప్పింది, కొండ గురించి, మేక గురించి. చెబుతూ చెబుతూ మేనేజరమ్మ మాటా, కంప్యూటర్ కొండ సంగతీ కూడా చెప్పింది. ఒక్క ఊపులో అన్ని మాటలు ఆమె నోటి నుంచి వచ్చి ఎన్నాళ్ళయిందో.

"నాకు చూపానదుగా" అంది వదిన.

"కొండకు అక్కర్లేదు. మబ్బు ఎటుందో తెలిస్తే చాలు."

"అయితే ఇటు తే."

గిలక రెండో తెరను తీసుకెళ్ళి ఎదుటి బల్ల మీద, ఆ మరక మీదే పెట్టింది. కంట్రోలర్ వదిన చేతికిచ్చి మీటలు తడిమించింది.

మొదటిరోజు మేక బతికిందే అరుదు. వదిన కొండ నిలకడలేని కొండ. గిట్ట చప్పుడు అదిరిందో లేదో, కంగారుపడి మీట నొక్కిపట్టేసి రాళ్ళన్నీ దొర్లించేది. ఇటు వానంటే అటు ఎండలోకి నడిచేది. మాట్లాడకూడదన్న నియమం ఆవిడకు లెక్కలోకే రాలేదు. "ఎక్కడ చచ్చావే మేకా, నా వీపు మీదా, నెత్తి మీదా?" అని కేకేసేది. చెప్పకూడదు వదినా అంటే, కొండంత ఒళ్ళు పెట్టుకుని మేకకు భయపడి బతకాలా అనేది. గిలక మేక ఆకలితో పరుగులు పెట్టింది, చివరి క్షణంలో అంచుల మీది నుంచి దూకింది, పొరపాటున వచ్చిపడ్డ వానలో తడిసి గంతులేసింది. అడుగు ఎప్పుడు పడుతుందో, ఎటు పడుతుందో తెలియక అరచేతులు చెమర్చాయి. ఒకసారి కొండ రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ అంతే ఓపిగ్గా రెండడుగులు ముందుకు వేసేసరికి గిలక పకపకా నవ్వింది. నవ్వి, ఆ చప్పుడుకు తానే ఉలిక్కిపడింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట అలవాటైంది. కొద్దిరోజులకు వదిన చేయి కుదురుకుంది. కంట్రోలర్‌ను గట్టిగా పట్టుకోకుండా వేళ్ళ కొసల మీద ఆనించుకుని, ఇప్పుడు నడుం దగ్గర తచ్చాడుతోంది, ఇప్పుడు ఎడమ భుజమెక్కుతోంది అని గొణుక్కునేది. అయినా తప్పులు చేయడం మానలేదు. మేకా ఆకలితో ఉండటం మానలేదు. కంప్యూటర్ కొండ మీద ఎప్పుడూ రాని భయం, ఎప్పుడూ రాని ఊరట గిలకకు వదిన కొండ మీద వచ్చేవి. తెర మీదుగా చూస్తే నల్లకళ్ళజోడు, నెరిసిన పాపిడి కనిపించేవి. ఆట అయిపోగానే మాత్రం ఇద్దరూ మళ్ళీ ఉప్పుందా, సరిపోయింది అనే మాటల్లోకి వచ్చేవాళ్ళు. అంత్యక్రియల రోజున అన్న మాట ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతూనే ఉంది.

అలా ఆడుతున్న ఒక మధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ సగం గది దాకా వచ్చింది. మేక చుట్టూ గడ్డి పలచబడింది. గిలక గిట్టతో కొట్టింది. కొండ కదల్లేదు. ఆలోచిస్తోంది కాబోలు అనుకుంది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు. మేక శిఖరం దాకా ఎక్కింది, అక్కడ నాలుగు పరకలుంటే కొరికింది, కొమ్ములతో బండను కుమ్మింది. ఆకాశం వైపు తల ఎత్తింది. మేకకు దూరం కనపడదు, ఆకాశం కూడా మసకే. దిగి, మళ్ళీ ఎక్కి, వదిన మాట్లాడకూడదన్న నియమం నేర్చుకుని తన మీదే ప్రయోగిస్తోందా అని చిన్నగా విసుక్కుంది.

గడ్డి మొత్తం అయిపోయింది. మేకను అంచు దాకా దింపింది. అక్కడి నుంచి నేల కనిపిస్తూనే ఉంది, చేయి చాస్తే అందేంత దగ్గర. అటు అడుగేయించింది. మేక కాళ్ళు ఆడుతున్నాయి గానీ ముందుకు పోవడం లేదు. గాలిని తోస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. మొదట్లో మేక ఊరికే జారిపోతోందని, కొండ పాదాల చుట్టూ కంటికి కనపడని గోడ ఒకటి తానే పెట్టింది. కొండ ఎప్పటికైనా కదులుతుంది కదా, మేకకు దిగాల్సిన అవసరమేమొస్తుందని అప్పుడనుకుంది. కొండ ఇక కదలకపోతే ఏం జరగాలో ఆమె ఎక్కడా రాయలేదు. ఆ ఊహే రాలేదు.

మేక కాసేపు గోడను తోసి, ఓపిక అయిపోయి ముందుకాళ్ళ మీద కూలబడింది.

గిలక తలెత్తింది. తెర పైన నల్లకళ్ళజోడు లేదు. పాపిడి లేదు. తల ఒక పక్కకు ఒరిగి, చెవి మాత్రం కనిపిస్తోంది.

ఆ ఒరగడం ఆమెకు తెలుసు.

లేవబోయింది. "వదినా" అంది. "వదినా!" ఈసారి అరిచింది. కంట్రోలర్ ఒళ్ళోంచి జారి నేల మీద పడింది. ఆ చప్పుడుకు ఎదుటి కుర్చీలోంచి, రంపంతో కొయ్య కోసినట్టు, పెద్ద గురక వినిపించింది.

గిలక బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. గురక ఆగిపోయింది. వదిన కదిలి, మూతి తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుంది.

"కదిలానా?" అంది నిద్రమత్తులో.

"లేదు."

"మేక పోయిందా?"

"ఆకలికి పడిపోయింది."

"పడిపోవడమెందుకు పిచ్చిదానిలా? కొండ కదలకపోతే దిగిపోవచ్చుగా. కింద నేల లేదూ?"

"ఉంది. దిగనివ్వదు. చుట్టూ గోడ ఉంది."

"ఎవరు పెట్టారు?"

గిలక మొహం తుడుచుకుంది. "నేనే" అంది.

వదిన లేచి, బల్ల అంచు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి, గిలక పక్కన నిలబడింది. ఏడుస్తున్న సంగతి గొంతును బట్టే పోల్చుకుని ఉంటుంది. ఆ రోజు నలుగురిలో నిన్నొక మాట అన్నాను, అంది. గుర్తుంది అంది గిలక. "అన్న మాట వెనక్కి రాదు. ఆ పూట ఎవరినో ఒకరిని అనకపోతే నాకు ఊపిరాడేది కాదు. దగ్గర్లో నువ్వున్నావు."

అప్పుడు గిలక ఎవరికీ చెప్పనిది చెప్పింది. భర్త పోయిన రోజు తాను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టి, తన కుర్చీలో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. అతను ఊ అనలేదు. కొండను ఆడించి చూసుకుంటున్నాడేమో, ఆడేటప్పుడు మాట్లాడకూడదు కదా, అందుకే పలకడం లేదనుకుంది. పని చేసుకుంటూ మాట్లాడింది, టీ తాగుతూ మాట్లాడింది. "చాలాసేపు వాగాను వదినా. వింటున్నావా లేదా అని కోప్పడ్డాను కూడా. కోప్పడి తల ఎత్తి చూశాను."

వదిన చేయి ఆమె భుజం మీద పడింది. బరువైన చేయి.

"ఏం వాగావు?" అంది.

"పక్కింటివాళ్ళ కుళాయి గురించి. రాత్రంతా కారుతోంది, వాళ్ళకు పట్టదు, మనమైనా చెప్పాలి అని."

వదిన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది నవ్వో ఏడుపో గిలకకు తెలియలేదు. "వాడు బతికున్నప్పుడు మాత్రం విన్నాడా? వాడి మూడేళ్ళప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను, చెప్పులు గుమ్మం బయట విప్పరా అని. ఒక చెవిన పడితే కదా రెండో చెవిలోంచి పోవడానికి. కుళాయి గురించి మాట్లాడావా? మంచి పని చేశావు. వాడికి ఆ రోజూ మామూలుగానే గడిచింది."

ఆ సాయంత్రం ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎక్కువ గిలకే మాట్లాడింది. తమ్ముడి చిన్నతనం గురించి వదిన చెప్పింది, పెద్దతనం గురించి గిలక చెప్పింది. ఇద్దరివీ కలిపినా ఒక మనిషికి సరిపోలేదు. మధ్యలో చుక్కలు వేసే వేళ దాటిపోయింది కూడా.

మర్నాడు గిలక గోడ తీసేసింది. తీయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎప్పుడో రాసిన నాలుగు వరుసలు. భోజనాలయ్యాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కాసేపు ఎప్పటిలాగే నడిచారు. తర్వాత గిలక, ఇక మీరు కదలకండి వదినా అంది. వదిన కంట్రోలర్‌ను ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు మాత్రం ఆనించింది.

మేక రాళ్ళ మీంచి దిగింది. అంచు దగ్గర ఆగింది. గిలక కూడా ఆగింది. ఆ పైన అడుగు వేయించింది. ఈసారి గాలి అడ్డు పడలేదు. గిట్ట నేలకు తగిలింది. కొండ మీద గరగరమనే అడుగు చప్పుడు మారి మెత్తగా, అసలు వినపడీ వినపడనట్టు అయింది. మేక వెనక్కి తిరిగి చూస్తే బండలే. ముందు మట్టి. నడిచింది.

"చెయ్యి ఊరుకుంది" అంది వదిన. "ఏం అదరట్లేదు."

"మీ మీంచి దిగిపోయాను."

వదిన తెర వైపు వంగింది. ఆపరేషన్ అయిన కన్ను అప్పటికి బాగానే తేటపడింది. నల్లకళ్ళజోడు తీసి చూస్తోంది. గదిలో చాలాసేపు మీటల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మాయ్, నేల మీద ఏదో చుక్క కదులుతోంది."

గిలక మీట మీద బొటనవేలు ఆపింది. కొండకు దూరం తప్ప దగ్గర కనపడదు. ఒంటి మీదున్నన్నాళ్ళూ మేకను చూసే వీలు లేదు. దిగి దూరం పోయిన మేక కనపడుతుందన్న సంగతి, ఆటను అక్షరం అక్షరం రాసిన గిలకకు కూడా ఆ క్షణం దాకా తట్టలేదు.

"నేనే వదినా."

"నువ్వా! ఇంత చిన్నదానివా?" వదిన ఇంకాస్త వంగింది. "ఇన్నాళ్ళూ ఎంత గోల చేశావు, ఏ గున్న ఏనుగో అనుకున్నాను. ఆగావేం? నడు. కనపడుతున్నావులే."

గిలక నడిచింది. ఆమె తెర మీద కొండ కనిపించడం లేదు, మేకకు దూరం కనపడదు కాబట్టి. ఎదుటి కుర్చీలోంచి మాత్రం మధ్యమధ్య, ఇంకా ఉన్నావు, ఇంకా ఉన్నావు, అన్న గొంతు వినిపించింది. కొంతసేపటికి అది కూడా ఆగిపోయింది. నియమం ప్రకారం మాట్లాడకూడదు గనక, ఆగిందేమని గిలక అడగలేదు.

ముగింపు అదే అయింది. కొండ ఆడేవాళ్ళు ఎప్పుడైనా చేయి తీసేయవచ్చు. అప్పుడు మేక దిగవచ్చు, దిగకపోనూ వచ్చు. మేనేజరమ్మకు ఇది నచ్చలేదు. గెలిచిందెవరో తెలియాలి కదా అంది. కంప్యూటర్ కొండ మాటేమైందంది. అది తీసేశానని గిలక చెప్పింది. అయితే మాకు కుదరదని ఆవిడ మర్యాదగానే తప్పుకుంది.

రెండో కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక, ఊరికి బయలుదేరే ముందు వదిన తమ్ముడు గీసిన బొమ్మలన్నీ చూపించమంది. మబ్బులు చూసింది, వాన చూసింది. కొండ మొత్తాన్ని దూరం నుంచి గీసిన బొమ్మ దగ్గర ఆగి, ముక్కు తెరకు తగిలేంతగా చూసింది.

"కొండేమిటే ఇది, నా బొంద! కింది దవడ పెద్దపన్ను. ఇదిగో కింద రెండు వేర్లు, ఇదిగో మధ్య లోయ."

గిలక చూసింది. ఇన్నేళ్ళు ఆ కొండ మీద తిరిగింది గానీ ఎప్పుడూ అలా అనిపించలేదు. ఇప్పుడిక ఇంకోలా కనపడదు. చిన్నప్పుడు అక్క కార్ఖానాలో సుద్దపళ్ళతో ఆడుకున్నవాడు కావాలనే అలా గీశాడా, చేతికి అదే వచ్చిందా? అడగడానికి మనిషి లేడు. ఇద్దరూ ఆ పంటి వంక చూస్తూ నిలబడ్డారు.

వదిన వెళ్ళిపోయింది. మడతమంచం మడిచేస్తే గది మునుపటంత అయింది. మునుపటి కన్నా పెద్దదైనట్టు అనిపించింది. వదిన అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. పని తెమిలిన రోజున, కొండ కాస్త ఖాళీగా ఉంది, ఆటలోకి రమ్మంటావా అంటుంది. అలాంటి రోజులు నెలకు ఒకటో అరో.

గిలక ఆటను తానే ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరికొకరు తెలియనివాళ్ళు, జతగా ఆడవచ్చు. పేర్లుండవు, మాటలుండవు. పెద్దగా ఎవరూ ఎగబడలేదు. ఆడినవాళ్ళలో కొందరు, కొండ మధ్యలో ఆగిపోతోంది, ప్రోగ్రాములో లోపముందేమో చూడండి అని రాశారు. ఒకరు మాత్రం, మేక దిగిపోయాక కూడా చీకటి పడేదాకా చూస్తూ కూర్చున్నాను, అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు.

సెలవు రోజుల్లో ఆమె ఆటలోకి వెళ్ళి ఎవరు దొరికితే వాళ్ళ కొండ మీద మేకగా ఎక్కుతుంది. కొందరు జాగ్రత్తగా నడుస్తారు. కొందరు తొందరపడి రాళ్ళు దొర్లిస్తారు. కొందరు రెండడుగులు వేసి ఎవరో పిలిచినట్టు వెళ్ళిపోతారు. అలా ఆగిపోయిన కొండ మీద ఆమె కాసేపు ఉంటుంది, ఉన్న గడ్డి తింటుంది, దిగుతుంది.

భర్త గీసిన నేల కొంతమేరే ఉంది. దూరం నుంచి చూడ్డానికే కదా అని అంతవరకే గీశాడు. అది అయిపోయిన చోటు నుంచి గిలక గీస్తోంది. ఆమెకు బొమ్మలు రావు. చెట్లు తిరగేసిన చీపుళ్ళలా ఉంటాయి, వాగు పాముకుబుసంలా ఉంటుంది, గడ్డి మరీ పచ్చగా వచ్చింది. ఎక్కడ అతని చేయి ఆగిందో, ఎక్కడ ఈమె చేయి మొదలైందో చూసినవాళ్ళెవరైనా చెప్పేస్తారు. మేక మాత్రం ఆ గీత దాటి వచ్చి, తిరగేసిన చీపురు కింద నిలబడి, ఆ పచ్చటి గడ్డినే తింటుంది.